తేదీ మారిన మరణం

ప్రజల జ్ఞాపకానికి సాహిత్య విమర్శలో ఏ స్థానం ఇవ్వాలి? పోరాటాల్లో పాల్గొన్నవాళ్ల ఆత్మకథలు, వాళ్లు చెప్పగా ఇతరులు రాసిన అనుభవ కథనాలు మన సాహిత్యంలోకి వచ్చి చాలా కాలమైంది. స్త్రీ శక్తి సంఘటన 1986లో ప్రచురించిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల నోటి మాటలనే ఆధారం చేసుకుంది. ఇలాంటి పుస్తకాల దగ్గర రెండు రకాల పాఠకులు కనిపిస్తారు. మొదటి రకంవాళ్లు తేదీలూ పేర్లూ సరిచూస్తారు. ఒక్కటి తప్పని తేలిందా, 'ముసలివాళ్ల జ్ఞాపకం, నమ్మడానికి లేదు' అని పుస్తకం మూసేస్తారు. రెండో రకంవాళ్లకు తప్పు కనిపించినా కనిపించనట్టే ఉంటుంది. ప్రజలు చెప్పారు కాబట్టి అదే సత్యం అంటారు. మొదటి వైఖరి పైకి శాస్త్రీయంగా, రెండోది పైకి ప్రజాపక్షంగా కనిపిస్తుంది. నిజానికి రెండూ ఒకే పని చేస్తున్నాయని నా అభిప్రాయం. తప్పు జ్ఞాపకాన్ని ఒకటి పారేస్తుంది, ఇంకొకటి పూజిస్తుంది. చదవడం మాత్రం రెండూ చెయ్యవు.

తప్పు జ్ఞాపకాన్ని చదవాలి అంటున్నాను. అబద్ధాన్ని గురించి కాదు నేను మాట్లాడేది. అబద్ధమాడేవాడికి నిజం తెలుసు, తెలిసి దాచిపెడతాడు. తప్పుగా గుర్తుపెట్టుకున్న మనిషి తాను చెప్పేది కళ్లారా చూశానని నమ్ముతాడు. ఆ నమ్మకం ఎలా తయారైంది, ఎందుకు తయారైంది, దానివల్ల ఎవరికి మేలు జరిగింది, ఎవరికి కీడు జరిగింది - ఇవి ఒక కథను గురించో నవలను గురించో మనం వేసే ప్రశ్నలే. ఈ ప్రశ్నలు వేసి చూడటానికి ఇటలీ నుంచి రెండు ఉదాహరణలు తీసుకుంటాను. రెండింటినీ పరిశోధించినవాడు అలెస్సాండ్రో పోర్తెల్లి. రోమ్ విశ్వవిద్యాలయంలో ఆయన అమెరికన్ సాహిత్యం బోధించాడు. జానపద గేయాలు సేకరిస్తూ సేకరిస్తూ, పాడేవాళ్లు పాటకూ పాటకూ మధ్య చెప్పే బతుకు కథల మీదికి దృష్టి మళ్లించినవాడు. సాహిత్య విద్యార్థి కాబట్టే, చరిత్రకారులు 'పొరపాటు' అని కొట్టేసిన చోట ఆయన ఆగి చూశాడు.

మొదటి ఉదాహరణ తెర్ని పట్టణం. రోమ్‌కు ఉత్తరాన ఉంబ్రియా ప్రాంతంలో ఉంది. అక్కడి ఉక్కు కర్మాగారం 1884లో మొదలైంది. ఊరంతా దాని చుట్టూ పెరిగింది. 1949 మార్చిలో ఇటలీ ప్రభుత్వం ఉత్తర అట్లాంటిక్ యుద్ధ కూటమిలో చేరడానికి సిద్ధపడింది. ఆ ఏడాది మార్చి 17న తెర్ని కార్మికులు పని ఆపి, దానికి నిరసనగా సభకు బయలుదేరారు. కర్మాగారం దాటుతుండగానే పోలీసులతో ఘర్షణ జరిగింది. లుయీజీ త్రస్తుల్లి అనే 21 ఏళ్ల కార్మికుడు పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఘర్షణ ఎంతోసేపు సాగలేదు. ఆ మరణానికి తగిన ప్రతిఘటన ఆ రోజుగానీ ఆ తర్వాతగానీ జరగలేదు. సుమారు ఎనిమిది నెలల ముందు, 1948 జూలై 14న, కమ్యూనిస్టు నాయకుడు తొల్యాత్తి మీద హత్యాయత్నం జరిగి దేశమంతా సమ్మె అట్టుడికినప్పుడు కూడా పార్టీ నాయకత్వం సంయమనం పాటించమనే చెప్పింది. తెర్ని కార్మికులు తమ తోటివాణ్ణి పూడ్చిపెట్టి పనికి వెళ్లారు.

నాలుగేళ్ల తర్వాత, 1953 అక్టోబరులో, అదే కర్మాగారం రెండు వేలకు పైగా కార్మికులను ఒక్కసారిగా తీసేసింది. ఈసారి ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చింది. దారులకు అడ్డుకట్టలు లేచాయి. పోలీసులతో రోజుల తరబడి తలపడ్డారు. యుద్ధానంతర తెర్ని చరిత్రలో అది అతిపెద్ద సంఘటన.

పోర్తెల్లి 1970ల నుంచి ఆ ఊరి కార్మికుల బతుకు కథలు రికార్డు చేశాడు. త్రస్తుల్లి సంగతి చెప్పని కార్మికుడు అరుదు. అయితే వాళ్లలో చాలామంది ఆ మరణాన్ని 1949లో, యుద్ధ కూటమి వ్యతిరేక ప్రదర్శనలో పెట్టలేదు. 1953లో, ఉద్యోగాల కోసం జరిగిన వీధి పోరాటంలో పెట్టారు. ఏదో ఒక్కరు తడబడితే వయసు మీద తొయ్యొచ్చు. ఒకరితో ఒకరు కూడబలుక్కోకుండా ఇంతమంది ఒకే తప్పు, ఒకే దిక్కుగా చేస్తే, అది మతిమరుపు కాదు. ఇక్కడ మతి మరవలేదు, పని చేసింది.

ఏం పని చేసింది? పోర్తెల్లి మూడు కారణాలు చూపిస్తాడు. మొదటిది ప్రతీకాత్మకం. ఒక మరణం ఒక తరం అనుభవానికంతకూ గుర్తుగా నిలవాలంటే అది ఆ తరం చేసిన పెద్ద పోరాటంలోనే జరిగి ఉండాలి. రెండోది మానసికం. కళ్లెదుట తోటివాడు కూలిపోతే ఏమీ చెయ్యలేకపోయామన్న అవమానం ఆ కార్మికులను వదల్లేదు. మరణాన్ని 1953కు జరిపితే ఆ అవమానం పోతుంది. అతని చావుకు అడ్డుకట్టలతో, రాళ్లతో జవాబు చెప్పినట్టవుతుంది. మూడోది కథన సంబంధం. బతుకు కథ చెప్పేవాడు కాలాన్ని పంచాంగం ప్రకారం చెప్పడు. పెద్ద మలుపుల చుట్టూ చిన్న సంఘటనలను చేరదీస్తాడు. తెర్నిలో మరణం ఒకచోట, పోరాటం మరోచోట ఉండిపోయాయి. జ్ఞాపకం రెండింటినీ ఒకచోటికి తెచ్చింది. మనం కథకుడిలో శిల్పం అని మెచ్చుకునే పనినే ఒక కార్మికవాడ మొత్తం, తాను చేస్తున్నానని ఎరగకుండా చేసింది.

దీన్ని మన అనుభవంతో పోల్చి చూడటం తప్పు కాదు. దొడ్డి కొమరయ్య 1946 జూలై 4న కడివెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో చనిపోయాడు. ఆ తేదీ తెలంగాణ జ్ఞాపకంలో తన చోటు నుంచి కదల్లేదు. ఎందుకు? ఆ మరణానికి జవాబు వెంటనే మొదలైంది కాబట్టి, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పాకింది కాబట్టి అని నేననుకుంటాను. ఆ తేదీకి స్మారక సభలూ పాటలూ కాపలా కాశాయి. జవాబు దొరికిన మరణం స్థిరంగా ఉంటుంది. జవాబు దొరకని మరణం జవాబును వెతుక్కుంటూ తిరుగుతుంది. త్రస్తుల్లి మరణం అలా నాలుగేళ్లు నడిచి వెళ్లింది.

జ్ఞాపకం ఇలా కదలడం సాధ్యమేనా అని అనుమానించేవాళ్లకు మనస్తత్వ శాస్త్రం సమాధానం చెప్పే చాలా కాలమైంది. కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకదాన్ని ఇంగ్లీషు పాఠకుల చేత చదివించి, కొంత వ్యవధి ఇచ్చి ఇచ్చి తిరిగి చెప్పించాడు. చెప్పిన ప్రతిసారీ ఆ కథ ఇంగ్లీషు కథ అవుతూ వచ్చింది. తమకు అలవాటు లేని పడవలు అలవాటైన పడవలయ్యాయి. అర్థంకాని దెయ్యాలు జారిపోయాయి. జ్ఞాపకం అంటే భద్రపరచిన దాన్ని బయటికి తియ్యడం కాదనీ, తిరిగి నిర్మించడమనీ ఆయన 1932లో ప్రకటించాడు. 1974లో అమెరికాలో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ చేసిన ప్రయోగం రచయితలు ప్రత్యేకంగా గమనించాలి. 150 మంది విద్యార్థులకు కారు ప్రమాదం చిత్రం చూపించారు. కార్లు 'తగిలినప్పుడు' ఎంత వేగంతో ఉన్నాయని 50 మందిని అడిగారు. 'నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు' అనే అర్థం వచ్చే మాటతో ఇంకో 50 మందిని అడిగారు. మిగిలిన 50 మందిని వేగం సంగతే అడగలేదు. వారం తర్వాత, పగిలిన అద్దం ముక్కలు చూశారా అని అందరినీ అడిగారు. మొదటి జట్టులో 7గురు, రెండో జట్టులో 16 మంది చూశామన్నారు. ఆ చిత్రంలో అద్దం ముక్కలే లేవు. ఒక్క క్రియాపదం మనుషుల కళ్లకు లేని గాజును చూపించింది.

ఈ ప్రయోగాలు జ్ఞాపకం ఎలా మారుతుందో చెబుతాయి. ఫలానా ఊళ్లో ఫలానా దిక్కుగానే ఎందుకు మారింది అన్నదానికి ప్రయోగశాలలో సమాధానం లేదు. అది సమాజంలో ఉంది. మనిషి ఒంటరిగా గుర్తుపెట్టుకోడనీ, కుటుంబం, మతం, వర్గం ఇచ్చిన చట్రాల్లోనే గుర్తుపెట్టుకుంటాడనీ ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త మోరిస్ హాల్బ్‌వాక్స్ 1925లోనే రాశాడు. (ఆయన 1945లో నాజీల బూకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరంలో చనిపోయాడు.) ఎదుటివాడి ప్రశ్నలోని ఒక్క మాట అద్దం పగలగొట్టగలిగితే, ఇరవై ఏళ్లపాటు టీ దుకాణాల్లో, సంఘం ఆఫీసుల్లో, ఇంట్లో పిల్లలకు చెప్పిన మాటలు ఎంత పని చెయ్యగలవో ఊహించుకోవచ్చు.

ఇక్కడితో ఆగితే మనం రెండో రకం పాఠకులతో చేరిపోతాం. 'చూశారా, ప్రజల తప్పు కూడా సత్యమే' అని సంతోషించి ఇంటికి పోవచ్చు. అలా పోనివ్వనిది రెండో ఉదాహరణ.

1944 మార్చి 23న, నాజీ సైన్యం ఆక్రమణలో ఉన్న రోమ్ నగరంలో, వియా రసెల్లా అనే వీధిలో ప్రతిఘటన యోధులు జర్మన్ పోలీసు దళం మీద బాంబు దాడి చేశారు. 33 మంది ఆ దళంవాళ్లు చనిపోయారు. ఒక్కొక్కరికి పదిమందిని చంపాలని జర్మన్లు నిర్ణయించారు. మర్నాడే, ఫోస్సె అర్దెయాతీనె గుహల్లోకి 335 మందిని తీసుకెళ్లి కాల్చి చంపారు. వాళ్ల లెక్క ప్రకారం చూసినా అయిదుగురు ఎక్కువ. దాడికీ హత్యాకాండకూ మధ్య ఒక పూర్తి రోజు కూడా గడవలేదు. దాడి చేసినవాళ్లు లొంగిపోవాలని జర్మన్లు అడగలేదు. అడిగే ఉద్దేశం వాళ్లకు లేదు. వాళ్ల ప్రకటన పత్రికల్లో వచ్చేటప్పటికే అంతా అయిపోయింది. ఆజ్ఞ అమలైపోయిందనే దాంట్లో ఉంది.

కానీ రోమ్ నగరంలో చాలామందికి మరోలా గుర్తుంది. జర్మన్లు గోడల మీద నోటీసులు అంటించారట. చేసినవాళ్లు వచ్చి లొంగిపోతే ఎవర్నీ చంపమన్నారట. రోజులు గడిచాయట. వాళ్లు పిరికివాళ్లు కాబట్టి దాక్కున్నారట. అందుకే 335 మంది అమాయకులు చచ్చిపోయారట. ఆ నోటీసులను తమ కళ్లతో చూశామని చెప్పినవాళ్లున్నారు. ఆ నోటీసులు లేవు. న్యాయస్థానాల్లో తేలిన విషయాలు, అచ్చులో ఉన్న ఆధారాలు ఎంత బలంగా ఉన్నా ఈ జ్ఞాపకం చావలేదు. ఫాసిస్టుల మనవలే కాదు, వామపక్షానికి ఓటు వేసేవాళ్లు కూడా దీన్ని నమ్మారు. 1999లో వచ్చిన పోర్తెల్లి పుస్తకం ఈ నమ్మకం పుట్టుపూర్వోత్తరాలను విప్పి చూపింది.

ఎందుకు నమ్మారు? మితవాద పత్రికలూ, కొందరు మతపెద్దలూ ఏళ్ల తరబడి ప్రచారం చేశారనడం నిజమే గాని చాలదు. ఏ ప్రచారమైనా పాతుకోవాలంటే మనసులో మెత్తటి చోటు ఒకటి ఉండాలి. నేరం జరిగితే నేరస్తుణ్ణి అడుగుతారు, ఇవ్వకపోతే శిక్షిస్తారు అన్నది అందరికీ అలవాటైన కథ. జర్మన్లు అసలు అడగనే లేదన్న నిజం ఆ కథలో ఇమడదు. పైగా ఆ మరణాలు ఆపగలిగినవే అనుకోవడంలో, ఎవరో ఒక తెలిసినవాణ్ణి నిందించడంలో ఒక ఓదార్పు ఉంది. ఆక్రమణ సైన్యం యంత్రంలాంటిది, దాని మీద కోపం తెచ్చుకుని ఏం లాభం? పక్కవీధి కుర్రవాడి మీదైతే కోపం తెచ్చుకోవచ్చు. పాలకవర్గ హింసను ప్రకృతి వైపరీత్యంలా చూడటం, దాన్ని ఎదిరించినవాణ్ణి మాత్రమే బాధ్యుడిగా చూడటం మనకు కొత్త కాదు. ఎదురుతిరిగినవాళ్లవల్లే ఊరికి కష్టం వచ్చిందనే మాట ఏ భాషలో అయినా వినిపిస్తుంది.

ఇప్పుడు విమర్శకుడి ముందు అసలు చిక్కు ఉంది. తెర్ని జ్ఞాపకమూ తప్పే, రోమ్ జ్ఞాపకమూ తప్పే. ఒకదాన్ని మెచ్చుకుని ఇంకొకదాన్ని తిట్టడానికి ఆధారం ఏమిటి? ఒకటి మనవాళ్లది, ఇంకొకటి వాళ్లవాళ్లది అనడం విమర్శ కాదు, ముఠాతత్వం. నాకు తోచిన కొలబద్ద ఇది: ఆ తప్పు బాధ్యతను ఎటు జరిపిందో చూడాలి. తెర్నిలో తేదీ జరిగింది, సందర్భం జరిగింది. కాల్చినవాడు మాత్రం తన చోటనే ఉన్నాడు. పోలీసు కాల్చాడు, కార్మికుడు చనిపోయాడు. రోమ్‌లో తేదీలు సరిగ్గానే ఉన్నాయి, వీధి పేరూ సరిగ్గానే ఉంది. హంతకుడు తెర వెనక్కి వెళ్లిపోయి, అతణ్ణి ఎదిరించినవాడు బోనులో నిలబడ్డాడు. తేదీలు సరిచూసుకునే మొదటి రకం పాఠకుడు తెర్ని కార్మికుణ్ణి పట్టుకుంటాడు గాని, ఈ పెద్ద తప్పు అతని జల్లెడలోంచి ఎన్నోసార్లు జారిపోతుంది.

అయితే ఈ కొలబద్దను తెర్ని మీద కూడా నిర్దాక్షిణ్యంగా ప్రయోగించాలి. ఆ జ్ఞాపకం కార్మికుల గౌరవాన్ని నిలబెట్టిన మాట నిజం. ఆ పనిలో అది రెండు విషయాలు మింగేసింది. త్రస్తుల్లి చనిపోయింది తన కూలి కోసం కాదు, తన ఉద్యోగం కోసం కాదు. తన దేశం మరో యుద్ధ కూటమిలో చేరొద్దని వీధిలోకి వచ్చి చనిపోయాడు. మరణాన్ని 1953కు జరిపినప్పుడు అతని చేతిలోంచి ఆ రాజకీయం జారిపోయింది. తిండి కోసం చేసే పోరాటమే పోరాటమన్నట్టయింది. ఇక రెండోది, 1949లో ఎందుకు ఏమీ చెయ్యలేకపోయారన్న ప్రశ్న. అది నాయకత్వం మార్గం గురించి, సంఘం బలం గురించి, భయం గురించి అడగవలసిన ప్రశ్న. జవాబిచ్చినట్టు గుర్తుపెట్టుకున్నవాళ్లు ఎందుకు జవాబివ్వలేదని అడగలేరు. తియ్యటి జ్ఞాపకం ఆత్మవిమర్శకు చోటు లేకుండా చేస్తుంది. కాబట్టి ప్రజాపక్షాన ఉన్న తప్పు కూడా తప్పే. దాన్ని ప్రేమతో చదవాలి గాని, సరిదిద్దకుండా వదలకూడదు.

పత్రాల విషయంలోనూ ఇదే. పోలీసు రిపోర్టులూ దినపత్రికలూ దేవుడి మాటలు కావు. త్రస్తుల్లి మరణం మీద అప్పటి పత్రికలు రాసిందే వాటి వాటి రాజకీయాలను బట్టి వేరువేరుగా ఉంది. అంతమాత్రాన పత్రాలు వద్దనడానికి లేదు. 1949 మార్చి 17 అన్న తేదీ ఎక్కడో రాసి ఉండబట్టే కదా, జ్ఞాపకం నాలుగేళ్లు కదిలిందని మనకు తెలిసింది! పత్రం లేకపోతే కదలిక కనిపించదు. జ్ఞాపకం లేకపోతే ఆ కదలికకు అర్థం తెలియదు. ఒకదానితో ఒకటి తగువు పెట్టుకునేలా రెండింటినీ పక్కపక్కన కూర్చోబెట్టడమే గతితార్కికమైన పద్ధతి.

ఇక సృజనాత్మక సాహిత్యం సంగతి. నవలాకారుడు మరణాన్ని 1953కు జరిపితే ఎవరూ తప్పు పట్టరు. పాఠకుడితో అతని ఒప్పందం వేరు. 'ఇది నేను పడ్డది' అని రాసినవాడి ఒప్పందం వేరు. ఈ తేడా చెరిగిపోతే ఏమవుతుందో 1995లో జర్మన్ భాషలో వచ్చిన 'శకలాలు' అనే పుస్తకం చూపించింది. బిన్యమీన్ విల్కోమిర్‌స్కీ అనే పేరుతో వచ్చిన ఆ పుస్తకం, నాజీ మరణ శిబిరాల్లో బతికి బయటపడ్డ యూదు బాలుడి జ్ఞాపకాలని చెప్పుకుంది. విమర్శకులు ఆకాశానికెత్తారు, బహుమతులొచ్చాయి, అనేక భాషల్లోకి వెళ్లింది. 1998లో డానియల్ గాంజ్‌ఫ్రీడ్ అనే స్విస్ రచయిత, రాసినతను స్విట్జర్లాండులోనే పుట్టాడనీ, ఆ శిబిరాల్లో ఎన్నడూ లేడనీ బయటపెట్టాడు. తర్వాత చరిత్రకారుడు స్టెఫాన్ మెక్లర్ జరిపిన విచారణ కూడా అదే తేల్చింది. 1999లో ప్రచురణకర్తలు పుస్తకాన్ని వెనక్కి తీసుకున్నారు.

అతను తెలిసి మోసం చేశాడా, నమ్మే రాశాడా అన్న చర్చ చాలా జరిగింది. నన్ను ఆపింది వేరే విషయం. అతను పెళ్లికాని తల్లికి పుట్టి, ఆమెకు దూరమై, పరాయి ఇళ్లలో, అనాథ శరణాలయంలో గడిపి, చివరికి దత్తు వెళ్లిన పిల్లవాడు. అతని బాధ నిజం. కానీ సుఖంగా ఉన్న ఒక దేశంలో పేద తల్లి బిడ్డకు జరిగిన అన్యాయం చిన్న కథ. దాన్ని వినడానికి ఎవరూ సిద్ధంగా లేరు. ప్రపంచమంతా తలవంచి వినే కథ ఇంకొకటుంది. ఆ బాధ ఈ కథ బట్టలు తొడుక్కుని వచ్చింది. ఫలితంగా రెండు అన్యాయాలు జరిగాయి: నిజంగా శిబిరాల్లో పడ్డవాళ్ల సాక్ష్యాన్ని శంకించడానికి శత్రువుకు సందు దొరికింది, స్విస్ పేద పిల్లవాడి కథ అతని కలం నుంచే రాకుండా పోయింది. ఏ బాధలు వినదగ్గవో సాహిత్య రంగం ముందే నిర్ణయించి పెట్టినప్పుడు జ్ఞాపకాలు ఆ కొలతలకే కుట్టించుకుని వస్తాయి. మనం మెచ్చే ఇతివృత్తాలు నాలుగైదే అయితే, మనకు వచ్చే ఆత్మకథలు కూడా నాలుగైదు రకాలే అవుతాయి. ఈ బాధ్యతలో విమర్శకులకు వాటా ఉంది.

అనుభవ కథనాలు సేకరించే మిత్రులకూ, విద్యార్థులకూ నేను చెప్పదలచింది కొద్దిగానే ఉంది. మీ ప్రశ్నలోని క్రియాపదాన్ని చూసుకోండి. మీ సమాధానం మీ ప్రశ్నలోనే ఉండకూడదు. మనిషి చెప్పిన తేదీని చప్పుడు చెయ్యకుండా దిద్దకండి. ఆమె చెప్పింది చెప్పినట్టే ఉంచి, పత్రంలో ఉన్నది పక్కనే అచ్చు వెయ్యండి. ఒకే తప్పు ఇద్దరు ముగ్గురి నోట వినిపిస్తే సంతోషించండి, పరిశోధన అక్కడ మొదలవుతుంది. ఆ తప్పు ఎవరి మీది బరువును దించి ఎవరి మీద పెట్టిందో అడగండి. ఆ తప్పు మన ఉద్యమానికి అనుకూలంగా ఉన్నప్పుడు ఇంకొంచెం గట్టిగా అడగండి.

గతాన్ని కొల్లగొట్టడం పాలకవర్గాలకు ఎప్పుడూ ఉన్న పనే. దాన్ని ఎదుర్కోవాలంటే మన జ్ఞాపకం తప్పు పట్టరానిదని ప్రమాణాలు చేస్తే సరిపోదు. త్రస్తుల్లికి అతని తేదీని తిరిగి ఇవ్వాలి. అతని తోటివాళ్లు ఆ తేదీని ఎందుకు మోసుకుపోయారో కూడా రాయాలి. ఈ రెండింటిలో ఏది వదిలేసినా అతని మరణం సగమే మనకు తెలిసినట్టు.